ఎంటర్ నొక్కిన చెయ్యి

“నీ చెయ్యి తగిలింది ఎన్ని గంటలకు?”

“పదిన్నరకు సార్. ఓ రెండు నిమిషాలు అటూ ఇటూ.”

“అటా, ఇటా?”

దవాఖాన మేనేజర్ రవి చేతిలోని పెన్ను మూత తీసి పెట్టాడు. అతని వెనక గోడగడియారం పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ చూపుతోంది. డిటెక్టివ్ కాటమయ్య ఆ టైమును నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఎవరిని ఎప్పుడు అడగడం మొదలుపెట్టిందీ, ఎప్పుడు ముగించిందీ రాసుకోవడం పోలీసు శాఖలో ఉన్నప్పటి అలవాటు. ముప్పై ఏళ్లు అక్కడ ఆయన చేసిన పని ఒక్కటే. కాగితం మీద ఎవరు ఏం చెరిపారో, చెరిపిన చోట ఏం తిరగరాశారో కనిపెట్టడం. రిటైరయ్యాక జనగామలో సొంతంగా బోర్డు పెట్టుకున్నాడు. ఇప్పుడు వచ్చిన కేసులో మాట చెరిగింది గానీ, చెరిగింది కాగితం మీద కాదు.

జరిగింది సోమవారం. మరిపెడ వైపు నుంచి యాకమ్మ అనే ఆమె, కాలిలో పత్తికట్టె దిగి పుండు పడితే, మహబూబాబాద్‌లోని ఈ చిన్న ప్రైవేటు దవాఖానకు వచ్చింది. పేరు రాయించుకునేటప్పుడే తనకు పెన్సిలిన్ పడదని చెప్పింది. పక్కనే ఉన్న కూతురు మేఘన ఆ మాట విన్నది. పదకొండూ ఇరవైకి డాక్టర్ హరీశ్ తన గదిలోనే ఆమెకు పెన్సిలిన్ సూది వేశాడు. ఐదు నిమిషాలు తిరక్కముందే ఆమెకు ఊపిరి అందలేదు. మూడు రోజులుగా వరంగల్‌లో వెంటిలేటర్ మీద ఉంది.

కంప్యూటర్‌లో ఆమె పేరు తీసి చూస్తే ‘పడని మందులు’ అన్న గడి ఖాళీగా కనిపించింది. గడిలో ఏమీ లేదు కాబట్టే సూది వేశానని డాక్టర్ అన్నాడు. కీబోర్డుకు తన చెయ్యి తగిలి మాట చెరిగిందని రవి అన్నాడు. సాఫ్ట్‌వేరే మాటను మింగేసిందని సీఐ యుగేందర్ తేల్చాడు. డాక్టర్ గదికి తాళమేసి సీలు పెట్టి, సాఫ్ట్‌వేర్ రాసిన జమునను రెండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టాడు. ఈ పొద్దున వదిలి, సాయంత్రం మళ్లీ రమ్మన్నాడు. వస్తే అరెస్టే. మేఘన మాత్రం కాటమయ్య దగ్గరికి వచ్చి, “మా అమ్మ చెప్పిన మాటను ఎవరు చెరిపిన్రో నాకు తెలవాలె సార్” అంది.

“మళ్లొకసారి చెప్పు రవీ. చెయ్యి తగిలినంక ఏమైంది?”

“గడిల ఉన్న అక్షరాలు చెరిగిపోయినయ్ సార్. మళ్ల కొడదామనుకునేలోపల ఫోన్ మోగింది. లేచి పోయిన. నేను రాకముందే అది తనంతట తానే సేవ్ చేసుకుంది. అడగనన్న అడగలే. గిదేం సాఫ్ట్‌వేర్ సార్?”

“ఎంటర్ నొక్కినవా?”

“లేదు సార్. దేన్నీ నొక్కలే. ఒట్టు.”

“మంచిది. నువ్వు ఆ కుర్చీల నుంచి లేవకు.” కాటమయ్య తలుపు తీసి, బయట బెంచీ మీద కూర్చున్న జమునను లోపలికి పిలిచాడు.

మరిపెడ అవతలి తండా పిల్ల. ముప్పై ఏళ్లుండవు. జనగామలో ఒక్క గది అద్దెకు తీసుకొని, ఒక్కతే సాఫ్ట్‌వేర్ రాసి చిన్న చిన్న దవాఖానలకు ఇస్తుంది. రెండు రోజులుగా నిద్ర లేక కళ్లు లోతుకు పోయాయి. వచ్చి నిలబడింది గానీ కూర్చోలేదు.

“కూసో బిడ్డా. ఈ గడిని ఎట్ల చేసినవో మొదటిసంది చెప్పు.”

జమున ఆయన ముఖంలోకి చూసింది. “రెండు దినాలసంది అందరూ ఎందుకు చెడిపోయిందనే అడుగుతున్రు సార్. ఎట్ల చేసినవని మీరొక్కరే అడిగిన్రు.”

“నాకు కంప్యూటర్ రాదు. తెలిసేటట్టు చెప్పు.”

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. “టైపు చేసే గడి ఒకటి రెడీమేడ్‌గ దొరుకుతది సార్. అందరూ దాన్నే వాడుకుంటరు. దాంట్ల రాసి పక్కకు జరిగితే చాలు, రాసింది లోపలికి పోతది. నేను ఈ పని మొదలువెట్టకముందు భూపాలపల్లిల ఒక దవాఖానల నాలుగు దినాలు నర్సుల పక్కన స్టూలేసుకొని కూసున్న. ఒక్క మాట కొట్టేలోపల వాళ్లు మూడుసార్లు లేస్తరు. పేషెంట్ పిలుస్తడు, డాక్టర్ కేకేస్తడు, సెలైన్ అయిపోతది. సగం మాట లోపలికి పోతే ఎట్ల సార్? ‘పెన్సిలిన్ పడదు’ల ‘పడదు’ పోతే? అందుకే ఆ రెడీమేడ్ గడి వద్దనుకున్న. నాదే ఒకటి చేసుకున్న.”

“నీ దాంట్ల ఏముంది?”

“ఊరికే చూస్తే వట్టి అక్షరాలే. రాయడానికి రాదు. వాటి మీద రెండుసార్లు టకటక నొక్కితే అప్పుడు గడి తెరుచుకుంటది. రాసినంక ఎంటర్ కొడితేనే లోపలికి పోతది. ఎస్కేప్ కొట్టినా, పక్కన ఏడ నొక్కినా, లేచి పోయినా, పాత మాటే తిరిగొస్తది.”

రవి కుర్చీ కిర్రుమంది. కాటమయ్య అటు చూడలేదు.

“లోపలికి పోవుడంటే?”

“గడికీ రికార్డుకూ ముడేస్తం సార్. డేటా బైండింగ్ అంటరు. రికార్డుల మాట మారిందంటే, ఆ మాట కనవడే ప్రతి తెర మీద అదే సెకనుల మారుతది. వార్డుల, మందుల కౌంటర్‌ల, డాక్టర్ గదిల. ఎవరూ మళ్ల తెరిచి చూడనక్కరలేదు. ఈడ రిజిస్టర్‌ల ఒకటి, ఆడ చీటీ మీద ఒకటి ఉండదు.”

“పడని మందుల పేర్లు ఒక జాబితా పెట్టి, దాంట్ల నుంచి ఎంచుకోమంటే సులువు గదా? ఈ రాసుడెందుకు?”

జమున చేతులు ఒళ్లో పెట్టుకుంది. “మా యాడికి... మా అమ్మకు తెలుగు సరిగ రాదు సార్. ఎర్ర గోలీలు మింగితే ఒళ్లంత దద్దుర్లు వస్తున్నయని మా భాషల చెప్పింది. రాసుకునేటాయన జాబితాల చూసి దగ్గరగున్నది ఒకటి నొక్కిండు. అది తప్పు. పదిహేను దినాలు మంచం మీద పడ్డది. మనిషి ఏం చెప్తే అది, వాళ్ల మాటల్లనే రాసే చోటు ఒకటి ఉండాలనుకున్న. ఆ ఒక్క గడికి ఏడు నెలలు పట్టింది.”

కాటమయ్య కలం ఆగింది. తన ఉద్యోగంలో ఆయన వేల ఫారాలు చూశాడు. వాటిని తయారుచేసినవాళ్లలో ఒక్కరైనా వాటిని నింపేవాళ్ల పక్కన స్టూలు వేసుకొని కూర్చుని ఉంటారని ఆయనకు ఏనాడూ అనిపించలేదు. వేలెడంత గడి. దాని వెనక ఈ పిల్ల ఎంత ఆలోచించింది!  ‘ఏడు నెలలు’ అని పుస్తకంలో రాసుకున్నాడు.

“చూపియ్యి.”

“సీఐ సార్ నన్ను కంప్యూటర్ ముట్టొద్దన్నరు.”

“నువ్వు ముట్టకు. చెప్పు, నేను నొక్కుత.”

ఆమె చెప్పినట్టు ఆయన ఒక ఉత్తుత్తి పేషెంట్ పేరు ఎక్కించాడు. గడిలో ‘పెన్సిలిన్ పడదు’ అని వేళ్లతో వెతుక్కుంటూ కొట్టి ఎంటర్ నొక్కాడు. తర్వాత గడి మీద రెండుసార్లు నొక్కి, అక్షరాలన్నీ చెరిపి, తెర మీద ఇంకోచోట నొక్కాడు. చెరిపిన మాట చటుక్కున తిరిగొచ్చింది. రెండోసారి చెరిపి, కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా నడిచి, పక్కనున్న ఇంకో ప్రోగ్రాము తెరిచి చూశాడు. మాట అక్కడే ఉంది. మూడోసారి చెరిపి కరెంటు తీగ పీకేశాడు. మళ్లీ పెట్టి చూసేసరికి ‘పెన్సిలిన్ పడదు’ చెక్కుచెదరలేదు.

టైము పన్నెండూ పది. రాసుకున్నాడు.

నమ్మకం కుదరక మూడు పరీక్షలూ మొదటినుంచి ఇంకోసారి చేశాడు. అప్పుడూ మాట చెరగలేదు. “రవీ, నువ్వు ఎంటర్ నొక్కలేదని ఒట్టేసినవ్. నొక్కకుంటే అది చెరగదు. మరి నీ ఒట్టు అబద్ధమా, నువ్వు చెప్పిన కథ అబద్ధమా?”

రవి ముఖం పాలిపోయింది. నోరు తెరిచేలోపే తలుపు ధడాలున తెరుచుకుంది.

“కాటమయ్యన్నా! రిటైరైనోళ్లు ఇంటిపట్టున ఉండాలె గదా?” సీఐ యుగేందర్ లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ నలగని యూనిఫాం. జమునను చూడగానే కనుబొమలు ముడిపడ్డాయి. “నిందితురాలిని తెచ్చి సాక్ష్యం ముందట కూసోవెట్టినవా? రేపు కోర్టుల నా నెత్తి మీదికొస్తది.”

“ఆమె వేలు కూడ పెట్టలే సీఐ సాబ్. కంప్యూటర్ ముట్టింది నేను.”

“నువ్వెవరు ముట్టనీకె?”

“యాకమ్మ బిడ్డ పెట్టుకున్న మనిషిని. నువ్వు రెండు దినాలు ఈ పిల్లను కూసోవెట్టినవ్. ఈ గడి ఎట్ల పనిచేస్తదని ఒక్కపారన్న అడిగినవా?”

“అడగనీకె ఏముంది? తండాల నుంచొచ్చి నాలుగు ముక్కలు నేర్చుకొని సాఫ్ట్‌వేర్ రాస్తే గిట్లనే ఉంటది.”

జమున తల దించుకోలేదు. “తప్పు నాదైతే నేనే ఒప్పుకుంట సార్,” అంది నెమ్మదిగా. “ఆ గడిని ఎవరు తెరిచినా, తెరిచి వదిలేసినా, అది లోపల రాసుకుంటది. నర్సులు ఏడ తడబడుతున్నరో తెలిస్తే సులువు చెయ్యొచ్చని పెట్టిన. టైము, సీటు, ఎవరి పేరుతోని లోపలికొచ్చిన్రో, అన్నీ ఉంటయ్. నేను పాస్‌వర్డ్ చెప్త. మీ ముందటనే తీయున్రి.”

యుగేందర్ తెర వైపు వేలు చూపాడు. “ఆ రాతను నువ్వే మార్చలేదని ఏంది నమ్మకం?”

కాటమయ్య జేబులోంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దున మందుల కౌంటర్‌లో, మేకుకు గుచ్చి ఉంచిన పాత చీటీల్లోంచి ఏరి తెచ్చుకున్నది. “సోమవారం పదకొండూ ఆరుకు యాకమ్మ పేరున అచ్చయిన చీటీ. అడుగున చూడు. పడని మందు: పెన్సిలిన్. రవి చెయ్యి పదిన్నరకు తగిలి ఉంటే పదకొండూ ఆరుకు ఈ మాట ఏడికెళ్లి వచ్చింది? ఇది కాగితం సాబ్. దీన్ని జనగామల కూసొని ఎవ్వరూ మార్చలేరు. నా బతుకంత కాగితమే చూసిన.”

సీఐ చీటీని వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కొని తెర ముందు కూర్చున్నాడు. “పాస్‌వర్డ్ చెప్పు,” అన్నాడు జమునతో. గొంతు కొద్దిగా తగ్గింది.

యాకమ్మ గడి చరిత్ర తెర మీద పరుచుకుంది. మొత్తం రెండే వరుసలు. పొద్దున తొమ్మిదీ యాభైకి రిజిస్ట్రేషన్ సీటు నుంచి ‘పెన్సిలిన్ పడదు’ అని రాసి ఎంటర్. పదిన్నరకు ఆ గడిని ఎవరూ తెరవనే లేదు. రెండో వరుస పదకొండూ ముప్పై ఎనిమిదికి: రవి పేరుతో, డాక్టర్ గదిలోని సీటు నుంచి. మాట చెరిపి, ఎంటర్.

“సూది వేసింది పదకొండూ ఇరవైకి,” కాటమయ్య ఒక్కో మాటా ఒత్తి పలికాడు. “అప్పటికి ‘పెన్సిలిన్ పడదు’ అని డాక్టర్ తెర మీదనే ఉన్నది. పద్దెనిమిది నిమిషాల తర్వాత చెరిగింది. సాఫ్ట్‌వేర్ మాటను మింగలే సాబ్. ఆఖరి దాక పట్టుకొనే ఉన్నది. మనిషే చదవలే.”

“చెరిపింది రవి పేరుతోని గదా,” అని యుగేందర్ అటు తిరిగాడు.

“ఆ టైముకు రవి గేటు దగ్గర యాకమ్మను అంబులెన్స్ ఎక్కిస్తున్నడు. మేఘన చెప్పింది, వాచ్‌మన్ చెప్పిండు. రవీ, నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి ఎరుక?”

రవి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. “మా బావకు సార్. డాక్టర్ సార్ మా అక్క భర్త. ‘చెయ్యి తగిలిందని చెప్పు, పొరపాటుకు ఎవరూ జైల్ల ఎయ్యరు, నిందంత సాఫ్ట్‌వేర్ మీదికి పోతది’ అన్నడు. నేను గంతే చెప్పిన.”

 జమున కళ్లు తుడుచుకుంటుందని కాటమయ్య అనుకున్నాడు. ఆమె మాత్రం తెర వైపే వంగి చూస్తోంది.

“సార్,” అంది. గొంతు మారిపోయింది. “చెరిపినవన్నీ కలిపి చూపించే పేజీ ఒకటుంటది. మీద మూడో బొమ్మ. అది నొక్కున్రి. కొత్తగ చెరిపింది మీద కనవడతది.”

యుగేందర్ నొక్కాడు. మొదటి వరుసలో ఈరోజు తేదీ ఉంది. పేషెంట్ పోశాలు, పైఅంతస్తు వార్డు, ఐదో మంచం. ‘పెన్సిలిన్ పడదు’ చెరిపి, ఎంటర్. రవి పేరు. డాక్టర్ గది సీటు. టైము పన్నెండూ పది.

“నేను ఈడనే ఉన్న సార్! మీ ముందటనే ఉన్న!” రవి అరిచాడు.

నిజమే. పన్నెండూ పదికి రవి తన ఎదుటే ఉన్నట్టు కాటమయ్య తన చేత్తోనే రాసుకున్నాడు.  ఒక్క గడి ఖాళీ అయితే పొరపాటని అనుమానం రావచ్చు. రెండోది కూడా దానంతటదే ఖాళీ అయి, ఇంకో మనిషి ఊపిరి ఆగిపోతే, సాఫ్ట్‌వేర్‌దే తప్పని ఇక ఎవరూ అనుమానించరు. అందుకోసం డాక్టర్ ఐదో మంచం మీద మనిషిని బలి పెడుతున్నాడు.

“పోశాలుకు సూది ఎప్పుడు?”

“పన్నెండున్నరకు,” జమున తెర మీది ఇంకో మూల చదివింది. “పెన్సిలిన్. డాక్టర్ సార్ ఇప్పుడే రాసిండు. వార్డు డ్యూటీల స్వరూపక్క ఉన్నది.”

గడియారం పన్నెండూ ఇరవై తొమ్మిది. యుగేందర్ ఫోన్ అందుకొని వార్డు నెంబరు కొట్టాడు. ఎవరో మాట్లాడుతున్నట్టు బీప్ బీప్‌మంది. కాటమయ్య అప్పటికే గుమ్మం దాటాడు. వెనక నుంచి సీఐ కేక వినిపించింది.

“చూస్తవేందమ్మా, కొట్టు! నువ్వే కొట్టు!”

కీబోర్డు మీద వేళ్లు వాన కురిసినట్టు పడ్డాయి. ఆఖరున ఎంటర్ టప్పుమంది.

మెట్లు ముప్పై రెండు. ఆయన మోకాళ్లు పదో మెట్టుకే మొరాయించాయి. పిట్టగోడ పట్టుకొని, ఊపిరి ఎగబోసుకుంటూ వార్డు తలుపు తోశాడు. ఐదో మంచం పక్కన నర్సు స్వరూప నిలబడి ఉంది. కుడిచేతిలో నింపిన సూది. పోశాలు చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. స్వరూప మాత్రం అతని వైపు చూడడం లేదు. మంచం పక్కనున్న తెర వైపు చూస్తోంది.

తెర మీద, ఖాళీగా ఉండాల్సిన గడిలో, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. పెన్సిలిన్ పడదు. స్వరూపక్కా సూది ఆపు. జమున.

“ఇప్పటిదాక ఖాళీగ ఉండె సార్,” స్వరూప సూదిని వెనక్కి లాక్కుంది. “నేను చదివే సూది నింపిన. గుచ్చుదామని వంగేసరికి నా కండ్ల ముందటనే అక్షరాలొచ్చినయ్.”

“పక్కన పెట్టు తల్లీ. మెల్లగ పక్కన పెట్టు.”

“ఏమైంది నర్సమ్మా? ఇయ్యాల సూది లేనట్టేనా?” పోశాలు సంతోషంగా చొక్కా చెయ్యి దించుకున్నాడు.

కాటమయ్య మంచం కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు. ఆ తెర మీది అక్షరాలను చదివిందే మళ్లీ చదివాడు. తాను ముప్పై రెండు మెట్లు ఎక్కేలోపు ఆ పిల్ల మాట ఇక్కడికి వచ్చి, సూదికి అడ్డంగా నిలబడింది. ఏడు నెలలు, ఒక్క గడి. ఆయన తన జీవితంలో ఎందరో పనిమంతులను చూశాడు. ఎవరికీ చేతులెత్తి మొక్కాలనిపించలేదు. ఇప్పుడనిపించింది.

యుగేందర్ జమునతో కలిసి పైకి వచ్చాడు. పోశాలును చూశాడు, సూదిని చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “అమ్మా జమునా,” అన్నాడు. “ఇందాక నేనొక మాట అన్న. అది అనకపోవాలె.”

జమున తల ఊపింది. స్వరూప చేతిలోంచి సూది ట్రే తీసుకొని బల్ల మీద పెట్టింది.

“సాబ్, అది తర్వాత,” కాటమయ్య గొంతు తగ్గించాడు. “డాక్టర్ గది కంప్యూటర్ నుంచి పన్నెండూ పదికి చెరిపిన్రు. ఆ గదికి నువ్వు సోమవారమే తాళమేసి సీలు పెట్టినవ్ గదా? తాళంచెవి ఎవరి దగ్గరున్నది?”

“నా దగ్గరనే.” యుగేందర్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి బయటికి తీశాడు. దాన్ని చూస్తూనే అతని ముఖంలో రంగు దిగిపోయింది. “పన్నెండూ ఐదుకు... కండ్లద్దాలు లోపలున్నయని డాక్టర్ అడిగిండు. ఐదు నిమిషాలకు ఇచ్చిన. మళ్ల తెచ్చిచ్చిండు. ఇచ్చి, ‘యాకమ్మను ఒకపారి చూసొస్త, పాపం’ అన్నడు. నేనే పొమ్మన్న.”

“ఎప్పుడు పోయిండు?”

“పన్నెండూ పదిహేనుకు, నేను మీ గదిలకు రాకముందే. కార్ల.”

కాటమయ్య ఫోన్ మోగింది. మేఘన. వరంగల్ నుంచి. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ముందు అర్థం కాలేదు.

“సార్, అమ్మ లేచింది! ఇందాక గొట్టం తీసిన్రు. ఇప్పుడే నోరు తెరిచింది. మొదటి మాట ఏమన్నదో ఎరుకనా? సూది వేసేటప్పుడు పెన్సిలిన్ పడదని మళ్ల చెప్పిందట సార్. ‘నాకంటె నీకే ఎక్కువ తెలుసా’ అని నవ్వి గుచ్చిండట. నర్సును ముందే బయటికి పంపిండట. అమ్మ తప్ప ఆ మాట విన్నోళ్లు లేరు.”

“బిడ్డా, మీ అమ్మ మాట్లాడుతున్నదని ఎవరికన్న చెప్పినవా?”

“మీకే మొదలు ఫోన్ చేద్దామనుకున్న సార్. గీ లోపల డాక్టర్ హరీశ్ సారే ఫోన్ చేసిండు, తొవ్వల ఉన్ననని. మంచిగ మాట్లాడుతున్నదా అని అడిగిండు.” ఆమె గొంతులో సంతోషం ఇంకా తగ్గలేదు. “మాట్లాడుతున్నది, అన్నీ యాదికున్నయని చెప్పిన సార్.”